నాలుగు చుక్కల నూనె

పండరికి తన నీడ మీద కూడా పూర్తి నమ్మకం లేదని ఊళ్లో అనేవారు. కొంచెం పెంచి చెప్పిన మాటే కానీ, అబద్ధమైతే కాదు. మెడికల్ షాపులో గోలీలు ఇస్తే పట్టీ మీది పేరు అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివిగానీ కదిలేవాడు కాదు. వరికోత మిషను పొలంలో తిరుగుతున్నంతసేపూ గంటల బాడుగ లెక్క తప్పకుండా గట్టు మీద నిలబడి గడియారం చూసుకునేవాడు. ఇవన్నీ ఒక ఎత్తు, బండి మెకానిక్కులు ఒక ఎత్తు.

పదేళ్ల కింద నిజామాబాదులో ఒక దుకాణంలో బండి అప్పగించి పెళ్లికి పోయి వచ్చేసరికి తన మంచి టైరు తీసేసి ఎవరిదో అరిగిన టైరు తగిలించారని అతని గట్టి అభిప్రాయం. రుజువేమీ లేదు. అనుమానం పెనుభూతం అన్నారు పెద్దలు. పండరి ఆ భూతానికి పూటపూటా అన్నం పెట్టి పెంచాడు. అప్పటి నుంచి బండిని సర్వీసింగుకు ఇచ్చే ముందు భార్య రోజారాణి గోళ్ల రంగు సీసా తెచ్చి, చక్రాలు కూడా ఊడదీసి, లోపలి సామానుతో సహా ప్రతిదానికీ ఎర్రటి బొట్టు పెట్టేవాడు. "నా గోళ్ల కన్న నీ బండికే సింగారం ఎక్కువైంది" అని రోజారాణి దెప్పేది. అతను పట్టించుకునేవాడు కాదు.

బాన్సువాడలో వర్ని రోడ్డు మీద రేకుల షెడ్డు వేసుకున్న గోవర్ధన్ దగ్గరికి రెండేళ్లుగా వెళ్తున్నాడు. గోవర్ధన్‌ది పక్క తండా. హైదరాబాదులో ఎనిమిదేళ్లు ఇంకొకరి దుకాణంలో పని నేర్చుకుని వచ్చాడు. ఆ షెడ్డే అతని బతుకు. పండరి వచ్చాడంటే అతను ముందుగా స్టూలు తుడిచి వేసేవాడు. "కూసో అన్నా. నువ్వు కండ్లల్ల ఒత్తులేసుకొని సూస్తుంటే నా పని గూడ సాఫ్‌గ అయితది" అని నవ్వేవాడు. పండరి నవ్వేవాడు కాదు. విప్పిన బోల్టులు ఎన్ని, మళ్లీ ఎక్కించినవి ఎన్ని అని లెక్కపెడుతూ కూర్చునేవాడు.

ఆరోజు మాత్రం కుదరలేదు. తల్లి పోసవ్వకు మోకాలి నొప్పి ముదిరితే దవాఖానకు తీసుకొచ్చాడు. బండి గోవర్ధన్ దగ్గర పెట్టి, ఆటోలో అవ్వను తీసుకుని పోయాడు. చీటీల కాడ వరస కొండవీటి చాంతాడంత ఉంది. గంటన్నర పట్టింది. ఆ గంటన్నరా పండరి దవాఖానలో ఉన్నాడన్న మాటేగానీ మనసంతా రేకుల షెడ్డులోనే ఉంది.

తిరిగి వచ్చేసరికి బండి తుడిచి, తళతళలాడుతూ నిలబెట్టి ఉంది. అంత శుభ్రంగా ఉండటం కూడా అతనికి నచ్చలేదు. ఏదో కప్పిపెట్టడానికి కాకపోతే అంత తుడవడం ఎందుకు?

"అన్నా, ఎనక బ్రేక్ షూలు మొత్తం అరిగినయి. కొత్తయి ఏసిన. గివి నీ పాతయి" అని గోవర్ధన్ ఒక కవరు చేతిలో పెట్టాడు. "చైను వదులైంది, బిగించిన. గాలి పట్టిన. ఇంకో ముచ్చట. కొత్త షూలు గద, నాలుగు దినాలు జర కుయ్యి కుయ్యి మంటయి. ఫికర్ చెయ్యకు, దానంతట అదే పోతది. దాంట్ల ఏం పొయ్యకు, ఇప్పకు. ముందు బ్రేకు, ఎనక బ్రేకు రెండు కలిపి పట్టు."

కవరు విప్పి చూశాడు. పాత షూల మీద తను పెట్టిన ఎర్రబొట్లు ఉన్నాయి. అరిగింది నిజమే. కానీ ఎప్పుడు అరిగాయి? నిన్నటిదాకా బాగానే ఆగిన బండి! గరుకు కాగితం పెట్టి తనే రుద్ది అరగదీశాడేమో, ఎవరు చూడొచ్చారు?

ముందు బ్రేకు సంగతి వింటే మరీ నవ్వొచ్చింది. ముందు బ్రేకు పట్టినవాడు మూతి పగలగొట్టుకుంటాడన్నది పండరి ఇరవై ఏళ్ల సిద్ధాంతం. ఆ లివరును అతను ఎన్నడూ ముట్టుకోలేదు.

అవ్వను వెనక కూర్చోబెట్టుకుని ఊరికి బయలుదేరాడు. ఆరు కిలోమీటర్ల దారి. బ్రేకు తొక్కిన ప్రతిసారీ వెనక చక్రం కుయ్యిమంది. "ఏందిరా, పిల్లి కూన గిట్ల చిక్కిందా దాంట్ల?" అంది పోసవ్వ. పండరి మళ్లీ ఒకసారి బ్రేకు తొక్కి చూశాడు. మంచి సామాను ఎక్కడైనా అరుస్తుందా? అరుస్తుందని ముందే చెప్పాడంటే, డూప్లికేట్ వేశానని వాడికి తెలుసన్న మాటే. విప్పకు అన్నాడంటే, విప్పితే బయటపడుతుందన్న మాటే.

అందుకే ఇంటికి రాగానే విప్పాడు. పానాలన్నీ ముందేసుకుని వాకిట్లో కూర్చుని, వెనక చక్రం ఊడదీసి, డ్రమ్ము తెరిచి చూశాడు. లోపల షూలు కొత్తగా, నల్లగా ఉన్నాయి. వాటి మీద ఏవో అంకెలు, చిన్న అక్షరాలు ఉన్నాయి. అవి అసలువో నకిలీవో అతనికి తెలియలేదు. తెలియకపోవడంతో అనుమానం ఇంకో రెండు పిడికిళ్లు పెరిగింది.

రోజారాణి చాయ్ తెచ్చి నిలబడింది. "గాయన ఇప్పొద్దన్నడని నువ్వే అంటివి గదా?"

"గందుకే ఇప్పిన. సూడు, నూనె చుక్క లేదు దీంట్ల. ఎండబెట్టి ఇచ్చిండు. అరువదా మరి?"

పండరి ఎడ్లబండి మీద పెరిగినవాడు. కందెన లేకుండా బండి కదలదని తాత దగ్గర నేర్చుకున్నాడు. ఇరుసు కిర్రుమంటే కందెన, గేటు కిర్రుమంటే నూనె, పంపుసెట్టు గొణిగితే గ్రీజు. అరిచే ఇనుముకు దాహం వేసిందని అర్థం. వాళ్ల ఇంట్లో దీనికి రెండో మాట లేదు. నూనె డబ్బా తెచ్చి, షూల మీద నాలుగు చుక్కలు వేద్దామని వంచాడు. డబ్బా మూతి పెద్దది, ధారే పడింది. పడితే పడిందిలే అనుకున్నాడు. చక్రం బిగించి, చేత్తో తిప్పుతూ బ్రేకు నొక్కాడు. చప్పుడు లేదు. వెన్నలో వేలు పెట్టినట్టు ఉంది.

"సూసినవా! గింతే పని. నాలుగు దినాలు ఆగాల్నట, మంత్రమా తంత్రమా!" అన్నాడు. ఆ సాయంత్రమంతా చాలా సంతోషంగా ఉన్నాడు.

మర్నాడు పొద్దున రోజారాణిని వెనక కూర్చోబెట్టుకుని బాన్సువాడ బయలుదేరాడు. కాలువ కట్ట దిగే వాలులో, పక్క పొలంలోంచి వరిగడ్డి ట్రాక్టరు ఒక్కసారిగా రోడ్డెక్కింది. పండరి వెనక బ్రేకు తొక్కాడు. పెడలు కిందికి దిగింది, బండి మాత్రం ఆగలేదు. మళ్లీ తొక్కాడు. ఇంకా జోరుగా పోతున్నట్టు అనిపించింది. కుడిచేతి వేళ్ల కిందే ముందు బ్రేకు ఉంది, కానీ అటు వేలు పోలేదు. హ్యాండిలు పక్కకు తిప్పాడు. బండి కంకర మీద జారి పడింది. పండరికి మోకాలు చెక్కుకుపోయింది. చేయి ఆనించి పడిన రోజారాణికి ఎడమ మణికట్టు విరిగింది.

దవాఖానలో కట్టు కడుతున్నప్పుడు ఆమె అరిచిన అరుపు విని పండరికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లు ఆరకముందే కోపం వచ్చింది. ఆ కోపానికి పేరు గోవర్ధన్.

"నిన్న బ్రేకులు కొత్తయి ఏసినన్నడు. ఇయ్యాల బ్రేకే లేదు. డూప్లికేట్ సామాను ఏసి మా ప్రాణాలు తియ్యబోయిండు!" అని దవాఖాన గేటు దగ్గర మొదలుపెట్టి, చాయ్ హోటలు, పాలకేంద్రం, ఎక్కడ నలుగురు కనిపిస్తే అక్కడ చెప్పాడు. రోజారాణి తమ్ముడు నవనీత్ ఆ మాటలు ఫోన్లో రికార్డు చేసి ఊరి గ్రూపులో పెట్టాడు. అది మూడు రోజుల్లో వర్ని దాకా పోయింది. నూనె పోసిన సంగతి పండరి ఎవరికీ చెప్పలేదు. దాచాలని కాదు. అది చెప్పుకోదగ్గ విషయమని అతనికి తట్టనే లేదు.

గోవర్ధన్ షెడ్డు ముందు ఎప్పుడూ ఏడెనిమిది బండ్లు ఉండేవి. నాలుగో రోజుకు ఒక్కటీ లేదు. ఇచ్చిపోయినవాళ్లు కూడా సగం పనిలోనే తోసుకుని పోయారు. ఐదో రోజు అతనే ఫోన్ చేశాడు. "అన్నా, బండి తీస్కరా. నలుగుర్ని గూడ తోల్కరా. అందరి ముంగట ఇప్పుదాం. నా తప్పు ఎల్లిందంటే రేపే షెడ్డు ఖాళీ జేసి తండాకు పోతా."

ఇంత ధైర్యంగా పిలుస్తున్నాడంటే ఇందులోనూ ఏదో మతలబు ఉంటుందనుకున్నాడు పండరి. అయినా వెళ్లాడు. బండిని ట్రాలీ ఆటోలో వేయించి, నవనీత్‌నూ ఊరివాళ్లు పదిమందినీ వెంటబెట్టుకుని, చేతికి కట్టుతో రోజారాణిని కూడా తీసుకుని వెళ్లాడు. దిగగానే అందరూ వినేటట్టు అన్నాడు. "పడ్డనాటి సంది బండి మా ఇంట్ల తాళమేసి ఉన్నది. ఎవ్వలూ ముట్టలే."

గోవర్ధన్ చక్రం ఊడదీసి, డ్రమ్ము తెరిచి, ఎత్తి పట్టుకున్నాడు. నిగనిగలాడుతూ నూనె. షూల నిండా నూనె. వేలితో తుడిచి వాసన చూశాడు. అతని మొహం పాలిపోయింది.

"నూనె తాకితే షూలు పట్టయి" అన్నాడు మెల్లగా. "పట్టుడే వాటి పని. ఎండగ ఉంటేనే పడ్తయి. నేను పొడి బట్టతోని తుడ్చి ఎక్కించిన. గీ నూనె నాది కాదు."

"మెకానిక్ చేతులకు నూనె కాక గంధముంటదా?" అన్నాడు నవనీత్. అందరూ నవ్వారు. "నీ చేతులదే అంటుకున్నది. ఒప్పుకో ఇగ."

గోవర్ధన్ తన చేతులు చూసుకున్నాడు. నిజంగానే నూనె చేతులు. అతని దగ్గర రుజువు లేదు. పండరి వైపు చూశాడు. ఆ చూపులో కోపం ఉండి ఉంటే పండరి తట్టుకునేవాడే. ఉన్నది భయం. ఇల్లు గడవదన్న భయం.

వాకిట్లో వంచిన డబ్బా, పడిన ధార, వెన్నలాంటి బ్రేకు అన్నీ ఒక్కసారిగా పండరి కళ్ల ముందుకొచ్చాయి. భార్య చేయి విరగ్గొట్టింది తనే. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. పదిమంది తన పక్షానే ఉన్నారు. రోజారాణి వైపు చూశాడు. ఆమె కూడా డ్రమ్ములోని నూనె వైపే చూస్తోంది. తర్వాత తల ఎత్తి అతన్ని చూసింది. పండరికి సిగ్గుతో ఒళ్లు చచ్చిపోయింది.

"నేనే పోసిన" అన్నాడు.

ఎవరికీ అర్థం కాలేదు.

"గా దినం సాయంత్రం ఇంట్ల నేనే ఇప్పి నూనె పోసిన. కుయ్యిమంటున్నదని. పొయ్యకని గోవర్ధన్ చెప్పిండు. నేనే ఇనలే. తప్పు నాది. ఆయనది పిసరంత లేదు."

గోవర్ధన్ కింద కూలబడి మోచేత్తో కళ్లు తుడుచుకున్నాడు. పండరికి పెద్ద బరువు దిగినట్టయింది. కానీ నవనీత్ అతని భుజం మీద చేయి వేసి పక్కకు తీసుకుపోయాడు.

"బావా, మాకైనా నిజం చెప్పు. ఏం ముట్టజెప్పిండు నీకు?"

"ఏందిరా గా మాట! నిజంగ నేనే పోసిన."

"గిన్నేండ్ల సంది బోల్టులు లెక్కబెట్టేటోనివి, నువ్వు పోస్తవా? ఎవలన్న నమ్ముతరా?"

రోజారాణి దగ్గరికొచ్చింది. "నమ్మురా తమ్మీ. నేను కండ్లార సూసిన. చాయ్ పట్టుకొని ఆన్నే నిలబడ్డ."

"బావ గట్ల చెప్పుమన్నడా అక్కా?" అన్నాడు నవనీత్ నవ్వుతూ. వెనక ఉన్నవాళ్లలో ఇద్దరు తలలూపారు. ఒకడు ఫోన్ తీసి ఏదో కొట్టడం మొదలుపెట్టాడు.

పండరి పోసవ్వ మీద ఒట్టేశాడు. పంట మీద ఒట్టేశాడు. ఒట్టు వేసిన కొద్దీ వాళ్ల నవ్వు పెద్దదైంది. ఎవడు ఇంతగా ఒట్లు వేస్తే వాడే దొంగ అని ఆ ఊళ్లో అందరికీ చెప్పి పెట్టినవాడు పండరే. ఒక్కొక్కరే దుమ్ము దులుపుకుని ఆటో ఎక్కారు. నవనీత్ విడిగా వేసుకొచ్చిన తన బండి ముందు టైరులో గాలి తక్కువగా ఉంది. గోవర్ధన్ చూసి, గాలి నింపుతానని లేచాడు. "వద్దులే, అంగడి కాడ పట్టిచ్చుకుంట" అని నవనీత్ అలాగే నడుపుకుంటూ పోయాడు.

గోవర్ధన్ ఆ టైరు కనుమరుగయ్యేదాకా చూసి, మళ్లీ వచ్చి పండరి బండి ముందు కూర్చుని డ్రమ్ము కడగడం మొదలుపెట్టాడు. చీకటి పడేదాకా ఆ షెడ్డు ముందు ఇంకో బండి ఆగలేదు.