టోపీ లేని సెల్యూట్

అమెరికా అధ్యక్షుడు హోటల్ ముందు గుమ్మంలోంచి వస్తాడనుకునేవాళ్లు అమాయకులు. ఆయన వచ్చేది వంటగది వెనకనుంచి, ఉల్లిపాయ బస్తాలెక్కే లిఫ్టులో. పిట్స్‌బర్గ్‌లో ఆ లిఫ్టు నడిపేది నేను. పదకొండేళ్లు నేవీలో వంట చేశాను. ఒక అధికారి దొంగతనం నా నెత్తిన పడితే బయటికొచ్చాను. యూనిఫారం చూస్తే ఒళ్లు మండుతుంది.

ఆయనొచ్చిన ఓ మధ్యాహ్నం విందు హాల్లో పొగబాంబు పేలింది. కాపలావాళ్లు అధ్యక్షుణ్ణి నా లిఫ్టులోకి తోసి కిందికి దింపించారు. దిగాక చూస్తే ఒడెస్సా థార్న్ లేదు. ఆమె నేవీ కమాండర్. అణ్వాయుధాల సంకేతాలున్న నల్ల సంచీ ఆమె చేతిలోదే. అధ్యక్షుడు ఎక్కడుంటే అది అక్కడుండాలి.

"పైకెళ్లి తీసుకురావయ్యా!" అని అరిచాడు కాపలా పెద్ద.

"నేను కూరగాయలు మోసేవాణ్ణి సార్."

"ఇవాళ దేశాన్ని మొయ్యి. కదులు!"

పైన తలుపు తెరిచేసరికి ఆమె దగ్గుతూ గోడకానుకుని ఉంది. టోపీ పొగలో ఎక్కడో పోయింది. సంచీ పట్టీ మాత్రం మణికట్టుకు బిగించే ఉంది. అంతలో నేవీ దుస్తుల్లో ఒకడు పరుగెత్తుకొచ్చి, టోపీ లేని తలతో ఠక్కున సెల్యూట్ కొట్టాడు.

"మేడమ్, అధ్యక్షులవారు మిద్దె మీదున్నారు. సంచీ నాకివ్వండి, నేను తీసుకెళ్తాను."

నేవీలో టోపీ లేకుండా సెల్యూట్ కొట్టరు. మొదటి వారంలోనే తిట్టి నేర్పుతారు. ఆమె మొహంలో చిన్న నవ్వు.

"నీది ఏ ఓడ బాబూ?"

"ఇప్పుడు ఓడ ఎందుకు మేడమ్?"

"నీకు సెల్యూట్ నేర్పినవాణ్ణి అందులోంచి తొయ్యాలి!" అంటూ సంచీతోనే వాడి దవడ పగలగొట్టింది. వాడి తుపాకీ పేలింది. ఆమె భుజం నెత్తురుతో ఎర్రబడింది. అయినా పట్టీ వదల్లేదు. ఒక్క అంగలో లిఫ్టులోకొచ్చి పడింది. వాడు మళ్లీ గురిపెట్టేలోపు ఇనుప తలుపు వాడి చేతిమీద లాగేశాను. తుపాకీ లోపల పడింది, వాడు బయట అరుస్తూ ఉండిపోయాడు.

"టోపీ సంగతి చూశారా మేడమ్?" అన్నాను కిందికి దిగుతూ.

"నీకెలా తెలుసయ్యా?"

"పదకొండేళ్లు ఓడలో బంగాళాదుంపలు ఒలిచాను."

"అవి ఊరికే పోలేదులే."

నెత్తురోడుతూ నడిచివెళ్లి అధ్యక్షుడి కారెక్కింది. "సంచీ వచ్చింది సార్" అంది. అంతే. తన భుజం ఊసే ఎత్తలేదు. అధ్యక్షుడు నాకేసి చూడలేదు. చూస్తాడని నేనూ అనుకోలేదు.

గిన్నెలు తోమేవాడి టోపీ మేకుకు వేలాడుతోంది. తీసి పెట్టుకుని, గుమ్మం బయటికొచ్చి, నేవీ వదిలిన పంతొమ్మిదేళ్ల తర్వాత ఆమెకు సెల్యూట్ కొట్టాను. ఆమె నెత్తిన టోపీ లేదు కదా, చెయ్యెత్తలేదు. కారులోంచి తల మాత్రం వంచింది.