పదింటి ఫోను

ఫోను మోగుతుంటే రోలాండ్ హాలమ్ దాన్ని చూస్తూ కూర్చున్నాడు. తెర మీద బెరిల్ పేరు. ఎనిమిదిసార్లు మోగి ఆగిపోయింది.

"ఎత్తకపోవడమే మంచిదైంది," అంది చీఫ్ విప్ ఫెలిసిటీ వేన్. తొమ్మిదింటికే అతన్ని తన గదికి పిలిపించి, తలుపు వేసి ఎదురుగా కూర్చుంది.

రోలాండ్ పాలకపక్షం మనిషి, బెరిల్ డాకర్ ప్రతిపక్షం. పంతొమ్మిదేళ్ళుగా సభలో ఇద్దరూ జత. ఆమె రాలేని రోజు అతను ఓటు వెయ్యడు, అతను రాలేని రోజు ఆమె వెయ్యదు. చెల్లుకు చెల్లు. అతనికి మోకాలి ఆపరేషన్ అయినప్పుడు ఆమె నెల్లాళ్ళు సభలో ఉత్త చేతులతో కూర్చుంది. ఇది ఏ చట్టంలోనూ లేదు. ఓటింగ్ రోజు ఉదయం పదింటికి ఇంట్లో ఉండిపోయేవాళ్ళు ఫోను చేస్తారు. అవతలివాళ్ళు "జత ఉంది" అంటారు. అంతకుమించి కాగితం లేదు, సంతకం లేదు.

ఈ రోజు రాలేనిది బెరిల్. ఆమె భర్త లెన్, ఇక్కణ్ణుంచి రైల్లో మూడున్నర గంటల దూరాన కార్లైల్‌లో ఆఖరి రోజుల రోగులుండే ఆసుపత్రిలో ఉన్నాడు. ఇవాళో రేపో అన్నారు డాక్టర్లు.

ఈ రోజే సాయంత్రం ఏడింటికి యూరోపియన్ యూనియన్ నుంచి బయటికొచ్చే ఒప్పందం మూడోసారి ఓటుకు వస్తోంది. దేశం మూడేళ్ళుగా గడప మీద నిలబడి ఉంది. లోపలికి రాదు, బయటికి పోదు. పోదామని ఓటేసినవాళ్ళకు ఎలా పోవాలో ఎవరూ చెప్పలేదు, చెప్పడానికి ఎవరికైనా తెలిస్తే కదా. బ్రస్సెల్స్‌వాళ్ళు ఒప్పుకున్నదాన్ని సొంత సభ ఒప్పుకోదు. మరీ లొంగిపోయామని కొందరు, మరీ తెంచుకుపోతున్నామని కొందరు. ఇంకో పద్నాలుగు రోజుల్లో గడువు. రోలాండ్ నియోజకవర్గమైన చిన్న ఊరు బోస్టన్‌లో కాబేజీలమ్మే మనిషి మొన్న సంతలో అతని చొక్కా పట్టుకున్నంత పని చేశాడు. "తలుపు తియ్యడం చేతకాకపోతే పగలగొట్టవయ్యా, మేమేమన్నా అడ్డమా?" అన్నాడు.

"ఒక్క ఓటు, రోలాండ్," అంది ఫెలిసిటీ. "రాత్రంతా లెక్క వేశాను. ఒక్క ఓటుతో తేలుతుంది. అది మీది."

"ఆవిడ మొగుడు చచ్చిపోతున్నాడమ్మా."

"పాపం. ఆవిడ్ని అక్కడే ఉండమనండి, ఎవరు కాదన్నారు? మీరు మాత్రం వచ్చి వెయ్యండి. ఆవిడకి తెలిసేలోగా అయిపోతుంది." ఆమె డైరీ తిరగేసింది. "శనివారం మీ ఊళ్ళో కమిటీ కూర్చుంటోంది. ఈసారి టికెట్టు మీకా, ఇంకొకరికా అని. నేను మంచిమాట చెప్పమన్నా చెప్తాను, వద్దంటే మానేస్తాను."

రోలాండ్ బయటికొచ్చాడు. వెంటనే బెరిల్‌కి ఫోను చెయ్యాలి, చెయ్యలేదు. జత ఉందని చెబితే ఇక వెనక్కి తీసుకోలేడు. లేదని చెప్పడానికి నోరు రాదు. నది ఒడ్డున మూడు గంటలు అటూ ఇటూ తిరిగాడు. అతను చెడ్డవాడు కాదు. మంచివాడే, కాకపోతే ఆ మూడు గంటలు ధర చూసుకుంటూ తిరిగిన మంచివాడు. లెన్ గుర్తొచ్చాడు. రైలు డ్రైవరుగా ముప్పయ్యేళ్ళు చేసిన లెన్ అతన్ని చూసినప్పుడల్లా, "మా ఆవిడకి ఇద్దరు మొగుళ్ళురా. నాతో రోజూ పోట్లాట, నీతో మాత్రం పేచీ లేదు, ఆ కిటుకేంటో చెప్పు" అనేవాడు.

ఒంటిగంటకు మనసు గట్టి చేసుకున్నాడు. టికెట్టు పోతే పోయింది. బెరిల్‌కి చేస్తే ఫోను మోగలేదు, కట్టేసి ఉంది. ఆసుపత్రిలో కదా, కట్టేస్తారులే అనుకున్నాడు. "జత ఉంది" అని మెసేజ్ పెట్టి, పొద్దుటి నుంచి ఏమీ ముట్టని మనిషి కడుపునిండా తిన్నాడు.

ఏడింటికి గంటలు మోగాయి. ఎనిమిది నిమిషాలు మోగుతాయి. ఆలోగా ఔననేవాళ్ళు ఒక వరసలో, కాదనేవాళ్ళు ఇంకో వరసలో నడిచి వెళ్ళడమే ఓటు, తర్వాత ఓటింగ్ తలుపులు మూసేస్తారు. రోలాండ్ టీ గదిలో కదలకుండా కూర్చున్నాడు. ఫెలిసిటీ స్వయంగా వచ్చింది.

"లేవండి."

"నేను ఇక్కడ లేను. ఇంట్లో ఉన్నాను."

"శనివారం నిజంగానే ఇంట్లో ఉంటారు," అని వెళ్ళిపోయింది.

అతనికి ఎప్పుడూ లేనంత తేలికగా అనిపించింది. అప్పుడే గోడ మీది టీవీలో సభ కనిపించింది. ఒప్పందం వద్దనేవాళ్ళ వరసలో, బూడిదరంగు కోటు వేసుకుని, బెరిల్ నడుస్తోంది. అతను కప్పు కింద పెట్టాడు.

ఒప్పందం ఓడిపోయింది. ఒక్క ఓటుతో కాదు, ఇరవయ్యారు ఓట్లతో. ఆమె రాకపోయినా ఓడేదే, అతను వేసినా ఓడేదే.

నడవాలో బల్ల మీద కూర్చుని కనిపించింది బెరిల్. కోటు మీద ఆసుపత్రి సందర్శకుల చీటీ ఇంకా అంటుకునే ఉంది.

"నేను వెయ్యలేదు బెరిల్. మెసేజ్ పెట్టాను."

"నా ఫోన్లో చార్జింగ్ లేదు. చార్జరు లెన్ మంచం దగ్గరే ఉండిపోయింది." ఆమె గొంతు మామూలుగానే ఉంది. "పదకొండింటికి మా విప్ చేశాడు. మీ జతగాడు తొమ్మిది నుంచి వాళ్ళ చీఫ్ విప్ గదిలో ఉన్నాడమ్మా, మాట తప్పుతాడు, బయల్దేరండి అన్నాడు. పన్నెండున్నర బండెక్కాను."

"లెన్ ఎలా ఉన్నాడు?"

"నాలుగింటికి పోయాడు. మా అమ్మాయి మా ఆఫీసుకి ఫోన్ చేసి చెప్పిందిట. నేను ఓటేశాకే వాళ్ళు నాకు చెప్పారు."

రోలాండ్‌కి పొద్దుటి ఫోను గుర్తొచ్చింది. మీటింగులో ఉన్నాను, చూసుకోలేదు అని చెప్పొచ్చు. ఆమె నమ్మి ఉండేది కూడా.

"నువ్వు ఫోన్ చేసినప్పుడు నా ముందే ఉంది. మోగుతుంటే చూస్తూ కూర్చున్నాను."

ఆమె తల ఊపింది. "లెన్ వద్దన్నాడు వెళ్ళొద్దని. మాట సరిగ్గా రావట్లేదు, అయినా అన్నాడు. రోలాండ్ మాట తప్పడే, ఇంకోసారి ఫోన్ చెయ్యి, అన్నాడు. నేనే చెయ్యలేదు. నువ్వెప్పుడూ రెండోసారి దాకా మోగనిచ్చేవాడివి కాదుగా."

అతను ఏడ్చాడు. ఆమె ఏడవలేదు. లేచి కోటు బొత్తాలు పెట్టుకుంది. ఆఖరి బండికి టైముంది.

"సోమవారం మళ్ళీ ఓటింగుట," అంది. "నేను రాను. నువ్వు వెళ్ళి వేసుకో రోలాండ్. ఇక నా కోసం ఆగక్కర్లేదు."