గంట ముందు చేరిన ఫైలు

మామూలు సంఖ్యను సున్నాలూ ఒకట్లుగా మార్చే ప్రోగ్రామ్ అది. మొదటి ఏడాదిలో చేరినవాళ్ళకి అదే చుక్కలు చూపిస్తుంది. అక్కచెల్లెళ్ళిద్దరిలో చిన్నది మూడు రోజులు కుస్తీ పట్టి రాసింది. హాస్టల్లో అదే గదిలో ఉంటూ అదే క్లాసుకి వెళ్ళే పెద్దమ్మ కూతురికి మాత్రం ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. చిన్నదే ఓపిగ్గా నేర్పింది.

"ప్రతి గడినీ ఒక లైటు అనుకో అక్కా. ఒకటంటే వెలిగినట్టు, సున్నా అంటే ఆరినట్టు. ఏ లైటు విలువ ఎంతో తెలిస్తే చాలు."

అక్క బుద్ధిగా తలూపింది. చిన్నది స్నానం చేసి వచ్చేలోగా ఆ ఫైలు కాపీ చేసుకుని తన పేరుతో పంపేసింది, మహాతల్లి. చిన్నదానికి చాదస్తం జాస్తి. ఇంకోసారి సరిచూసుకుని గంట తర్వాత పంపింది.

మర్నాడు లెక్చరర్ ఇద్దరినీ ల్యాబ్‌కి పిలిచారు. రెండు ఫైళ్ళూ అచ్చుగుద్దినట్టున్నాయి. తప్పులు వెతుక్కోవడానికి చిన్నది మధ్యలో పెట్టి, తీసెయ్యడం మరిచిన "ఇక్కడిదాకా బాగానే ఉంది" అనే వరుస కూడా రెండింట్లోనూ ఉంది. కాపీ కొట్టినవాళ్ళకి సున్నా. వచ్చే ఏడాది ఆ సబ్జెక్టు మళ్ళీ చదవాలి.

"ఎవరు రాశారు?"

"నేనే సార్," అంది చిన్నది.

"నేనే," అంది అక్క, నేలచూపులు చూస్తూ.

చిన్నది ఆమెవైపు తిరిగింది. కనీసం ఇద్దరం కలిసి చేశామంటుందనుకుంది.

"అయితే ఎలా పనిచేస్తుందో చెప్పండి."

అక్క ముందుగా అందుకుంది. "ప్రతి గడినీ ఒక లైటు అనుకోండి సార్..." ఎక్కడా తడుముకోకుండా, విలువలతో సహా పొల్లుపోకుండా అప్పజెప్పింది.

చిన్నది తన వంతు వచ్చాక "ప్రతి గడినీ..." అని ఆగిపోయింది.

"అది ఇప్పుడే విన్నానమ్మా."

"అక్కకి నేర్పింది నేనే సార్."

ఆ మాట తన చెవులకే అబద్ధంలా వినిపించింది. లెక్చరర్ అక్కవైపు చూశారు. అక్క చున్నీ అంచు సర్దుకుంది. ఆయన ఫైళ్ళు చేరిన టైము చూసి, చిన్నదాని పేరుకెదురుగా సున్నా వేశారు.

వరండాలో అక్క చెయ్యి పట్టుకుంది. "ఇంట్లో చెప్పకే. నీకేం, మళ్ళీ రాసినా చిటికెలో పాసవుతావు. నాకు రాదుగా."

చిన్నది చెయ్యి విడిపించుకుంది.

"నీకు వచ్చక్కా. ఇందాక సార్‌కి అంతా చెప్పావుగా. నీది నువ్వే రాసుకుంటే సరిపోయేది."

అక్క నిలబడిపోయింది. ఆ సంగతి తనకీ అప్పుడే తెలిసినట్టుంది.