ఏ నూనె

ఆ పొద్దున నా కూతురు ఫోన్ చేసి "నాన్నా, సచ్చినాను" అంది. నేను నవ్వాను.

నవ్వడానికి కారణం ఉంది. అది చెప్పకపోతే మీరు నన్ను మనిషి కింద జమకట్టరు, కాబట్టి ముందు అదే చెబుతాను.

ప్రియకి, అంటే మా మోహనప్రియకి, పన్నెండేళ్ళప్పుడు తెలుక్ ఇంటాన్‌లో మా వాళ్ళ పెళ్ళికి వెళ్ళాం. పందిట్లో మా పెద్దమ్మ కూర్మమ్మ కూర్చుని ఉంది. ఆవిడకి చూపు ఆనదు. "ఎవులే అది?" అని అడిగింది. పిల్ల తెలుగులో జవాబు చెప్పాలని సరదా పడి, ఒచ్చినాను అనబోయి, గొంతెత్తి "నాను సచ్చినాను, మామ్మా!" అంది. పందిరంతా విరగబడి నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. అక్కడితో ఊరుకున్నానా? పదకొండేళ్ళ పాటు ఆ కథ చెప్పని ఇల్లు లేదు. ఉగాది విందులో మైకు పట్టుకుని మరీ చెప్పాను. సాయంత్రం పిల్ల గేటు తీస్తే చాలు, "ఏటమ్మా, సచ్చినావా?" అని అడగడం నాకు అలవాటైపోయింది.

మా ఇంట్లో తెలుగు మాట్లాడేది నేనొక్కణ్ణే. నా భార్య లెచ్చుమి తమిళావిడ. విశాఖ వైపు నుంచి మా ముత్తాతలు ఈ మలాయ్ దేశానికి పట్టుకొచ్చిన భాష బటాంగ్ బెర్జుంటై రబ్బరు తోటల్లో మూడు తరాలు బతికింది. కువాలా సెలంగోర్‌లో నేను కట్టుకున్న ఇంటికి వచ్చేసరికి దానికి నా ఒక్కడి నోరే మిగిలింది. నేను తెలుగులో ఏం చెప్పినా ప్రియకి అర్థమవుతుంది. జవాబు మాత్రం తమిళంలోనే చెబుతుంది. ఎందుకని నేనెప్పుడూ ఆలోచించలేదు.

అందుకే ఆ పొద్దున ఫోన్‌లో నవ్వేశాను. "ఒచ్చినాను అనాలమ్మా. ఏటి, అప్పుడే ఆఫీసుకి సేరిపోనావా?" అన్నాను.

అవతల ఏడుపు వినిపించింది. తర్వాత ఎవరో మలాయ్ ఆవిడ ఫోన్ తీసుకుంది. మీ అమ్మాయి కారు నా టిఫిన్ బల్ల మీదకి వచ్చేసింది, బ్రేకులు పడలేదట, జెరమ్ దాటాక లైట్ల దగ్గర ఉన్నాం, త్వరగా రండి అని చెప్పింది. నా చేతిలో కాఫీ కప్పు ఉంది. దాన్ని ఎక్కడ పెట్టానో ఇప్పటికీ గుర్తులేదు.

మోటారుసైకిల్ మీద వెళ్ళాను. దారి పొడుగునా కారు గురించే ఆలోచన. ఆ కారు నాది.

ముప్పై ఒక్క ఏళ్ళ బండి. నా జీవితంలో అది తొమ్మిదోది. తొమ్మిదిట్లో కొత్తది ఒక్కటీ లేదు. గ్లవ్స్ ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు మిషన్లు బాగుచేసిన వాణ్ణి, కొత్త బండికి డబ్బు తగలెయ్యడమా అని నాకు పౌరుషం. పాత బండిలో ఉన్న సుఖం కొత్త బండి వాళ్ళకేం తెలుసు! గీత పడుతుందని భయం లేదు. దొంగ ఎత్తుకుపోతాడని బెంగ లేదు. మా దాని వెనక తలుపు బయటి నుంచే తెరుచుకుంటుంది. కుడివైపు తిప్పితే హారన్ దానంతట అదే మోగుతుంది. కిటికీ అద్దం జారిపోకుండా చెక్కముక్క పెట్టాను. సిగ్నల్ దగ్గర ఆగితే పక్క బండి ముసలాయన అద్దం దించి "నాకూ ఇదే ఉండేది" అంటాడు, పచ్చలైటు పడినా కదలడు.

దానికి తాబేలు అని పేరు పెట్టాను. మా నాన్న పేరు కూర్మయ్య. ఆయన జ్ఞాపకంగా పెట్టానని లెచ్చుమికి చెప్పాను కానీ, నిజానికి అది వంతెన ఎక్కే తీరు చూసి పెట్టాను.

ప్రియకి క్లాంగ్‌లో ఒక లాబొరేటరీలో ఉద్యోగం వచ్చినప్పుడు లెచ్చుమి కొత్త కారు కొనమని పట్టుబట్టింది. "ఆడపిల్ల రోజూ అంత దూరం వెళ్ళాలి. ఈ డొక్కులో పంపుతావా?" అంది. నాకు ఒళ్ళు మండింది. "నా చేత్తో బాగుచేసిన బండి ఇది. నా కూతురి ప్రాణానికి నాది పూచీ" అన్నాను. ఆ మాట మామూలుగా అనలేదు, దేవుడి పటం ముందు నిలబడి అన్నాను. ఆరు నెలల కిందటి మాట.

తాబేలు గడ్డిలో అడ్డంగా నిలబడి ఉంది. దాని ముందు చక్రం కింద గొడుగు విరిగి పడింది. నాసి లెమాక్ అనే కొబ్బరిపాల అన్నం పొట్లాలు చుట్టూ చితికిపోయి, అరటాకుల్లోంచి అన్నం రోడ్డు దాకా చిమ్మింది. కొంచెం అవతల, మడతబల్ల ఉండాల్సిన చోట టైరు గీత నల్లగా కనపడింది. ఆ గీతకీ, పొట్లాలు అమ్మే ఆవిడ కూర్చునే స్టూలుకీ మధ్య నా రెండు జానల దూరం కూడా లేదు. నేను కొలిచి చూశాను. ఎందుకు కొలిచానో తెలియదు, వంగి చేత్తో కొలిచాను.

ప్రియ ఆ స్టూలు మీదే కూర్చుని ఉంది. ఆవిడ దాని చేతికి వేడి టీ ఇచ్చి, వీపు మీద చెయ్యి వేసి నిలబడింది. తన సరుకంతా మట్టిలో కలిసినా ఒక్క మాట అనలేదు. "లైట్ల దగ్గర స్కూల్ వ్యాన్ ఆగి ఉంది, నిండా పిల్లలు" అని మాత్రం చెప్పింది. ప్రియ బ్రేకు తొక్కితే పెడల్ నేలకి అంటుకుపోయిందట. మళ్ళీ తొక్కితే మళ్ళీ అంతే. చేతిబ్రేకు లాగి, వ్యాన్‌కి తగలకుండా ఎడమకి తిప్పేసింది. తిప్పాక ఎదురుగా ఈవిడ ఉంది. ఈవిడ పక్కకి దూకింది.

నేను వ్యాన్ ఆగిన చోటు కేసి చూశాను. అక్కడ ఏమీ లేదు, వట్టి రోడ్డు. అయినా కళ్ళు తిప్పుకోలేకపోయాను.

లెచ్చుమికి ఫోన్ చేసి, "పిల్లకేం కాలేదు. లోగన్ పని సరిగా చెయ్యలేదు, అందుకే బ్రేకు పోయింది" అన్నాను. అప్పటికి కారు బానెట్ కూడా తెరవలేదు. కానీ నాకు అనుమానమే లేదు. లోగన్ మా ఊళ్ళో మెకానిక్. మూడు వారాల కింద బ్రేకులు చూసింది అతనే. నేను చెయ్యనిది ఆ ఒక్క పనే, కాబట్టి తప్పు అక్కడే ఉండాలి.

తాబేలుని లాగుతున్న లారీ వెనకే లోగన్ షెడ్డుకి వెళ్ళాం. ప్రియ నా వెనక కూర్చుని, నా చొక్కా పిడికిట్లో పట్టుకుంది. షెడ్డుకి చేరేసరికి నా కోపం తారస్థాయిలో ఉంది.

లోగన్ చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చాడు. అతన్ని నోటికొచ్చినట్టు తిట్టాను. కొలకారా అన్నాను, తమిళంలో హంతకుడని. నీ కూతుర్నైతే ఇలాంటి బ్రేకుల మీద పంపుతావా అని అడిగాను. బండ్ల కోసం వచ్చిన నలుగురూ లేచి చూస్తున్నారు. చూడనీ అనుకుని ఇంకా గొంతు పెంచాను. పోలీసుల దగ్గరికి వెళ్తానన్నాను. షెడ్డు మూయిస్తానన్నాను. లోగన్ మొహం ఎర్రబడింది.

నాకు ఊపిరి అందక ఆగినప్పుడు, "అణ్ణే, ముందు బానెట్ తియ్యనీ" అన్నాడు.

తీశాడు. బ్రేకు నూనె ఉండే చిన్న డబ్బా మూత తిప్పాడు. మూత అడుగున రబ్బరు ఉంటుంది. అది నానిన అప్పడంలా ఉబ్బి వంకర తిరిగి ఉంది. లోగన్ తెల్ల కాగితం ఒకటి డబ్బాలో ముంచి తీసి నాకు చూపించాడు. తేనె రంగులో ఉండాల్సింది నల్లగా ఉంది, జిడ్డుగా ఉంది.

"ఇంజన్ నూనె పోశారు అణ్ణే. లోపల రబ్బర్లన్నీ పాడైపోయాయి. ఇంక బ్రేకు ఎలా పడుతుంది? ఎవరు పోశారు?"

"నువ్వే పోసుంటావు. లేకపోతే నీ పనివాడు పోసుంటాడు" అన్నాను. దొంగే దొంగా దొంగా అని అరిచినట్టు అని అంటారు. ఆ సామెత నాకోసమే పుట్టిందని ఇంకో నిమిషంలో తెలిసింది.

ప్రియ మూలన టైర్ల దొంతి మీద కూర్చుని ఉంది. అక్కడి నుంచి లేచి వచ్చింది. ఫోన్ తీసి, వాట్సాప్‌లో ఎనిమిది రోజుల వెనక్కి వెళ్ళి, ఒక చోట వేలితో నొక్కింది.

షెడ్డులో నా గొంతు వినిపించింది. వెనక కాఫీకొట్టు చప్పుడు, కప్పులు, నా స్నేహితుల నవ్వులు.

"ఏటీ కాదమ్మా, బయపడకు. ఆ ఎర్రలైటు నూనె తగ్గితే ఎలుగుద్ది. బానెట్ తీసి ఏ డబ్బాలో తగ్గిందో సూసి నూనె పొయ్యి. డిక్కీలో సీసా ఉంది."

అంతే. పదిహేను సెకన్లు కూడా లేదు.

గుర్తొచ్చింది. ఆ రోజు ప్రియ ఆఫీసు దగ్గర కారు పెట్టి, డాష్‌బోర్డు మీద వెలిగిన ఎర్రలైటు ఫోటో తీసి పంపింది. అది బ్రేకు లైటని చూడగానే నాకు తెలుసు. డిక్కీలో రెండు సీసాలున్నాయి. చిన్నది బ్రేకు నూనె, గుడ్డలో చుట్టి స్పేర్ చక్రం కింద దాచాను. పెద్దది ఇంజన్ నూనె, డిక్కీ తియ్యగానే ఎదురుగా కనపడుతుంది. నా మనసులో ఉన్నది చిన్నది. నా నోట వచ్చింది సీసా అనే మాటే.

నూనె. మాకు అన్నీ నూనే. ఇక్కడ మలాయ్ వాళ్ళు పెట్రోలునీ మిన్యాక్ అంటారు, ఇంజన్‌లో పోసేదాన్నీ మిన్యాక్ అంటారు, గారెలు వేయించేదాన్నీ మిన్యాక్ అంటారు. తోటల్లో మా తాతలు ఆ మాట విని దాన్ని నూనె చేసుకున్నారు. బండికి నూనె ఎయ్యాలి అంటే పెట్రోలు. నూనె మార్చాలి అంటే ఇంజన్‌ది. నూనె తగ్గింది అంటే, ఆ రోజు, బ్రేకుది. ఏది ఏదో నాకు తెలుసు, ఎందుకంటే చెప్పేవాణ్ణి నేను. వినేది ప్రియ.

పిల్ల నేను చెప్పింది చెప్పినట్టు చేసింది. తగ్గిన డబ్బా సరిగ్గా కనిపెట్టింది. డిక్కీలో కనపడ్డ సీసా తెచ్చి గీత దాకా పోసింది. ఎర్రలైటు ఆరిపోయింది. ఆరిన ఫోటో కూడా పంపింది. నేను ఆ ఫోటో కాఫీకొట్టులో అందరికీ చూపించి, "నా కూతురు సింగం!" అన్నాను. ఎనిమిది రోజులు ఆ విషం మీద కారు నడిపింది. ఎనిమిది రోజులు నేను గేటు దగ్గర నిలబడి చెయ్యి ఊపాను.

లోగన్ మొహం చూడలేకపోయాను. అతను కాగితం మడిచి జేబులో పెట్టుకుని, కస్టమర్ల వైపు తిరిగి "పనిలేదా మీకు, వెళ్ళి కూర్చోండి" అన్నాడు. నా పరువు కాపాడటానికి అన్నాడు. అంతగా తిట్టిన నా పరువు.

కాలు జారితే తీసుకోగలం, నోరు జారితే తీసుకోలేం అని మా నాన్న అనేవాడు. ఆయన పేరు పెట్టుకున్న బండి నోరు తెరుచుకుని నా ఎదురుగా ఉంది. అప్పుడైనా నేను తల వంచుకోవాల్సింది. వంచుకోలేదు. తిట్టడానికి ఇంకెవరూ మిగల్లేదేమో, పిల్ల వైపు తిరిగాను.

"ఏ నూనె అని ఒక్క మాట అడగొచ్చు కదే! నోరు లేదా నీకు?"

ప్రియ నా వైపు చూసింది. దాని చెంప మీద కన్నీళ్ళు ఎండిన చార ఉంది, పొద్దుటిది. తమిళంలో చెబుతుందనుకున్నాను. లోగన్ కూడా అలాగే అనుకున్నాడేమో, చెయ్యి ఆపి చూశాడు. కానీ అది తెలుగులోనే మొదలుపెట్టింది. ఒక్కొక్క మాటా వెతుక్కుంటూ, పదకొండేళ్ళ తర్వాత నాతో అంత పొడుగు తెలుగు మాట్లాడింది.

"అడిగితే నవ్వుతాడు నాన్నా, నువ్వు. ఎప్పుడూ నవ్వుతాడు. పొద్దున నాను సచ్చినాను అన్నాను. నిజంగానే అన్నాను. అప్పుడు కూడా నవ్వినాడు."

నువ్వు నవ్వుతాడు అనకూడదు, నవ్వుతావు అనాలి. నవ్వినాడు కాదు, నవ్వినావు. రెండు తప్పులూ నాకు వినిపించాయి. నేను దిద్దలేదు.