జాడించిన విస్తరి

హనుమాయమ్మకి మిగిలింది ఒక్క కన్ను. రెండోది ఎప్పుడో మిరపచేలో పుల్ల గుచ్చుకుని పోయింది. ఉన్నదానికీ శుక్లం కమ్మేసరికి, మార్టూరు మిషన్ బళ్ళో కంటి శిబిరం పెట్టారని విని అందరికంటే ముందు పేరు రాయించుకుంది. ఊరికే రాయించుకుంటుందా? శిబిరంలో భోజనాలు కూడా తన చేతిమీదుగానే జరగాలంది. పెత్తనం లేకపోతే ఆవిడకి పొద్దుపోదు మరి.

పొద్దున దానయ్యకీ, ఇంకొందరికీ ఆపరేషన్లయ్యాయి. మధ్యాహ్నం ఆవిడ వంతు. ఇంతలో కాంపౌండరు వెంకటనారాయణ గిన్నె పట్టుకుని వంటల దగ్గరికొచ్చాడు. అందులో పొద్దున వాడిన బ్లేళ్ళు. ఒక కంటికి వాడి పారెయ్యాల్సినవి. ఈ మహానుభావుడు వాటిని వేడినీళ్ళలో ముంచి, తువ్వాలుతో తుడిచి, పాత పొట్లాల్లోనే దూర్చి, అంచులకి మైదా జిగురు రాస్తున్నాడు. ఇదేం పనని ఆయా అడిగితే, కొత్త బ్లేళ్ళున్న రెండో పెట్టె బస్సులో మర్చిపోయాననీ, తెలిస్తే డాక్టరుగారు తోలు తీస్తారనీ గొణిగాడు.

"జాడిస్తే కొత్తవేలే," అన్నాడు పైగా.

పొయ్యి వెనక ఉన్న హనుమాయమ్మకి ఇదంతా వినపడింది. దానయ్య కంట్లో దిగిన బ్లేడు తన ఒంటి కంట్లోనా? అరిచి చెబితే, మసకకంటి ముసలిది ఏం చూసిందిలే అంటారు. కాసేపు ఆలోచించింది. తర్వాత ముసిముసిగా నవ్వుకుంది.

మొదటి బంతి లేచాక, పారేసిన ఆకుల్లోంచి ఒక విస్తరి ఏరి, అవే వేడినీళ్ళలో జాడించి, కొంగుతో తుడిచింది. రెండో బంతిలో డాక్టరుగారి పక్కన కూర్చున్న వెంకటనారాయణ ముందు దాన్ని పరిచి అన్నం వడ్డించింది. కలపబోయిన అతనికి ఆకు కుట్ల మధ్య ఎవరిదో గోంగూర పచ్చడి కనపడింది. ఎగిరి లేచాడు.

"ఎవరో తిన్న ఎంగిలాకండీ ఇది!"

"జాడించా నాయనా. జాడిస్తే కొత్తదేనటగా. ఇందాక బ్లేళ్ళకి నువ్వు చెప్పిందేగా," అంది హనుమాయమ్మ తాపీగా.

డాక్టరుగారి చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది. చెయ్యి కడుక్కుని వెళ్ళి పొట్లం ముట్టుకుంటే జిగురు ఇంకా ఆరలేదు. కొత్త బ్లేళ్ళు వచ్చేదాకా ఎవరి కన్నూ ముట్టుకోనని చెప్పి, మిగతావాళ్ళని పైవారం రమ్మన్నారు.

ఇక చూడండి, వంతు తప్పినవాళ్ళ తిట్లు. ఇవాళే చూపొచ్చేదట, ఈ ముసలిది చెడగొట్టిందట. హనుమాయమ్మ తడుముకుంటూ బండెక్కి, తీరిగ్గా కాళ్ళు చాపుకుంది.

"తిట్టండి, తిట్టండి. మీ కళ్ళు మీ మొహాల మీదే ఉన్నాయిగా," అంది.