మే నెలలో వేడినీళ్ళు

నేను ఒక గీజర్ని. విశాఖపట్నంలో ఒక అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో, బాత్రూము గోడకి వేలాడుతూ ఉంటాను. తెల్లటి పొట్ట, కింద రెండు గొట్టాలు, ముందు ఒక చిన్న ఎర్ర లైటు. మనిషిని ఒంటిమీద నూలుపోగు లేకుండా చూసేవాళ్ళు ఈ లోకంలో బహు తక్కువమంది. పురుడు పోసిన డాక్టరు, కట్టుకున్న భార్య, ఆ తరవాత గీజరు. మొదటి ఇద్దరికీ నోరుంది. చూసినదంతా కడుపులో దాచుకోవలసిన ఖర్మ నాది. నా కడుపులో పట్టేది ఇరవై అయిదు లీటర్లే.

నన్ను చేసిన ఫ్యాక్టరీలో ఒక ఇనపరేకుని గుండ్రంగా చుట్టి, అతుకేసి, లోపల గాజుపూత పూసి, మధ్యలోకి కాయిల్ దించారు. చివర ఒక థర్మోస్టాట్ బిగించారు. ఇంత వేడెక్కగానే ఆగిపోవాలి అని నాకు నేర్పే భాగం అది. ఎక్కడ ఆగాలో నాకు పుట్టుకతోనే తెలుసు. మనుషుల మధ్యకొచ్చి పడ్డాక, ఆ ఒక్క భాగమూ వాళ్ళలో ఎవరికీ బిగించలేదని తెలిసింది.

నా మొదటి యజమాని పేర్రాజుగారు. గృహప్రవేశానికి వచ్చినవాళ్ళందరినీ బాత్రూములోకి తీసుకొచ్చి నన్ను చూపించారు. ఆ తరవాత ఒక్కసారీ స్విచ్ వెయ్యలేదు. కరెంటు బిల్లు భయం. నా పైన ఉతికిన బనీన్లు ఆరేసుకునేవారు. ఆయన ఫ్లాట్ అమ్మేసినప్పుడు "కొత్త గీజరండీ, అసలు వాడలేదు" అని గర్వంగా చెప్పారు. అబద్ధం కాదు.

కొనుక్కున్నవారు జోగారావుగారు, టెలిఫోన్ ఆఫీసులో చేసి రిటైరయ్యారు. ఆయన భార్య కనకవల్లిగారు, కొడుకు ఫణిభూషణ్, కోడలు సుచరిత. ఫణి ఇంట్లోనే కూర్చుని కంప్యూటరు ఉద్యోగం చేస్తాడు. జోగారావుగారి నియమం ఏమిటంటే గీజర్ వెయ్యాలి, నీళ్ళు కాగాలి, గీజర్ ఆపాలి, ఆపినట్టు ఇంకొకళ్ళు వచ్చి చూడాలి, అప్పుడు స్నానం. లేకపోతే షాక్ కొడుతుందట. నేను ఈ ఇంట్లో ఎవరికీ షాక్ ఇవ్వలేదు. వాళ్ళే నాకిచ్చారు.

ఫణి ఆరోగ్యం విషయంలో బహు జాగ్రత్త గల మనిషి. బిస్కట్ పాకెట్ కొంటే వెనకాల చిన్నక్షరాలు చదువుతాడు. ఇంట్లో గానుగ నూనె తప్ప వాడనివ్వడు. మైదా పేగులకి అతుక్కుపోతుందని తల్లికి గంటసేపు చెప్పి, చెప్పి, అలసిపోయి, అప్పుడు బాత్రూములోకొచ్చి గడియ పెట్టుకుని గంజాయి తాగుతాడు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి, నా కిందే నిలబడి. ఎవడో ఎక్కణ్ణించో పాత న్యూస్‌పేపర్లో చుట్టి తెచ్చిన సరుకు అది. దాని వెనకాల మాత్రం చిన్నక్షరాలు ఏమీ ఉండవు.

"ఇది ఆకురా. నేచురల్. సిగరెట్‌లాగ కెమికల్ కాదు" అని స్నేహితుడికి ఫోన్లో చెప్పడం నేను చాలాసార్లు విన్నాను. చెప్పి దగ్గేవాడు. ఆ దగ్గు ఒకసారి మొదలైతే కమోడ్ మూత మీద కూర్చోవలసి వచ్చేది. గుండె దడదడలాడేది. చేతికున్న వాచీలో గుండె వేగం అంకె చూసుకుని, వాచీ పాడైందని అనుకునేవాడు. తరవాత కళ్ళలో మందుచుక్కలేసుకుని, ఒక సాంబ్రాణి కడ్డీ వెలిగించి, బయటికెళ్ళి గ్రీన్ టీ తాగేవాడు.

ఇలాగ కొన్నేళ్ళు గడిచాయి. తరవాత పొద్దున్న లేవగానే వికారం మొదలైంది. మొదట్లో వారానికోసారి, తరవాత రోజూ. కడుపులో ఏమీ లేకపోయినా వాంతి. ఒకరోజు వాంతి చేసుకుని నీరసంగా షవర్ కింద నిలబడ్డాడు. నేను వేడిగా ఉన్నాను. నీళ్ళు వీపు మీద పడగానే వికారం చెయ్యి పెట్టి తీసేసినట్టు ఆగిపోయింది. షవర్ కట్టగానే మళ్ళీ మొదలైంది. విప్పాడు, ఆగింది. అంతే, ఆ రోజునించీ నాకు విశ్రాంతి లేదు. పొద్దున్న, పదింటికి, భోజనం ముందు, భోజనం అనుకున్నది బయటికొచ్చాక, సాయంత్రం. మీటింగు మధ్యలో కెమెరా ఆపేసి వచ్చేవాడు. చర్మం ఉడికిన వంకాయలాగ ఎర్రబడేది. ఇంకా వేడి కావాలి, ఇంకా వేడి కావాలి అని నా నాబ్ చివరిదాకా తిప్పేవాడు. నాకు కాయిల్ చుట్టూ ఉప్పు పేరుకుపోయింది. ఆయాసపడుతూ కాచేదాన్ని, ఇంకేం చెయ్యను?

ఇదంతా మొదలైంది కార్తీకమాసంలో. అక్కడే అసలు దరిద్రం జరిగింది. అబ్బాయి మూడుపూటలా స్నానం చేస్తున్నాడు. అన్నం తినడం లేదు. గదిలోంచి సాంబ్రాణి వాసన. కళ్ళు ఎర్రగా, మొహం తేటగా, మాట తక్కువగా. కనకవల్లిగారు ఆనందంతో పొంగిపోయారు.

"మావాడికి ఒక్కసారిగా భక్తి వచ్చేసిందండీ. ఉపవాసాలే ఉపవాసాలు!" అని కింది ఫ్లాటావిడతో చెప్పడం బాత్రూము కిటికీ వెనకున్న డక్టులోంచి నాకు వినపడింది.

"ఏ గురువుగారండీ?" అంది ఆవిడ.

"ఎవరూ లేరు, తనంతట తనే" అన్నారీవిడ, ఇంకా గర్వంగా.

ఫణి కాదనలేదు. వాంతులని చెప్పడంకంటే భక్తి అనడం సుఖం. కార్తీకం అయిపోయింది, మాఘం అయిపోయింది, మే నెల వచ్చింది. విశాఖపట్నంలో మే నెలంటే కూర్చున్నచోటే మనిషి నీరైపోతాడు. ఆ ఉక్కలో కొడుకు పొగలు కక్కే నీళ్ళతో స్నానం చేస్తుంటే జోగారావుగారికి భక్తి మీద అనుమానం రాలేదు గానీ, కరెంటు బిల్లు మీద వచ్చింది.

"ఏరా, దేవుడు చన్నీళ్ళు పుచ్చుకోడేంట్రా?" అన్నారు తలుపు బయటినించి.

లోపల కొడుకు బకెట్ పట్టుకుని వాంతి చేసుకుంటున్నాడు.

సుచరితకే ముందు భయం వేసింది. మొగుడికి పెళ్ళప్పటి ప్యాంట్లు జారిపోతున్నాయి. మొహం పీక్కుపోయింది. ఆవిడ గొడవపెట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. వెంట అత్తగారూ మామగారూ కూడా బయల్దేరారు. ముప్ఫై దాటిన మనిషిని డాక్టరుకి తల్లిదండ్రులు చెరో పక్కన కూర్చుని చూపించారు. డాక్టరుగారు "అలవాట్లేమైనా ఉన్నాయా?" అని అడిగితే, ఫణి నోరు తెరిచేలోపల కనకవల్లిగారు "ఛఛ, కాఫీ కూడా తాగడండీ" అన్నారట. ఇది నాకెలా తెలుసంటే, ఆ సాయంత్రం స్నేహితుడికి ఫోన్లో నవ్వుతూ చెప్పాడు. చెబుతూనే గంజాయి చుట్టుకున్నాడు. వికారానికి ఇదే మందని ఎక్కడో చదివాడట.

నేను పైనించి చూస్తూ ఉడికిపోయాను. నాకది మామూలేననుకోండి.

నోట్లోంచి కడుపులోకి గొట్టం వేసి చూశారు, ఏమీ లేదు. స్కానింగ్ తీశారు, గాల్‌బ్లాడర్‌లో ఆవగింజంత రాయి కనపడింది. ఇంటిల్లిపాదికీ ప్రాణం లేచొచ్చింది. రాయి అనేది మర్యాదస్తుల జబ్బు. మేనమామకుంది, తోటికోడలి చెల్లెలికుంది. అందరికీ ఫోన్లు చేసి చెప్పుకున్నారు. గాల్‌బ్లాడర్ తీసేద్దామని గురువారానికి ఆపరేషన్ పెట్టారు. మనిషి ఒంట్లోంచి ఒక భాగాన్ని, ఏ పాపమూ ఎరగనిదాన్ని, కోసి పారేస్తారన్నమాట. ఎందుకంటే బాత్రూములో జరిగేది బయట చెప్పడానికి ఒకడికి మొహమాటం.

మంగళవారం పొద్దున్న వాంతులు మరీ ఎక్కువైపోయాయి. ఫణి షవర్ కింద గోడకి జారబడి కూర్చుండిపోయాడు. లేవమంటే లేవడు. సుచరిత తలుపు తోసుకొచ్చింది. కాకినాడ పెద్దాసుపత్రిలో డాక్టరుగా చేస్తున్న అక్క వరసావిడ నీలవేణికి వీడియో కాల్ చేసి, ఫోను సబ్బుల అరమీద నిలబెట్టింది. గుమ్మంలో అత్తగారూ మామగారూ.

"ఏంటే ఆ చప్పుడు? అక్కడ వర్షమా?" అంది నీలవేణి.

"షవరక్కా. ఆయన కిందే కూర్చున్నారు. తువ్వాలు కట్టుకున్నార్లే."

"మరిదిగారూ, నీళ్ళు వేడివా, చల్లవా?"

"వేడివే వదినగారూ" అన్నాడు ఫణి, మూలుగుతూ. "వేడినీళ్ళు పడుతున్నంతసేపే వికారం ఆగుతుంది."

నీలవేణి చాలా మామూలుగా అడిగింది. "గంజాయి తాగుతారా?"

నాకున్న బోల్టులన్నీ ఒక్కసారి వదులైనట్టయింది. ఇన్నాళ్ళకి ఒక్క మనిషి, ఒక్క మనిషి, నేను రోజూ చూసేదాని గురించి అడిగింది.

"అమ్మాయ్!" అన్నారు కనకవల్లిగారు. "నువ్వెంత పెద్ద డాక్టరువైనా కావచ్చు. మావాడు కాఫీ కూడా..."

"వాడికి రాయి ఉందమ్మా" అన్నారు జోగారావుగారు. "స్కానింగులో వచ్చింది. ఎల్లుండి ఆపరేషను. ఇన్సూరెన్సు వాళ్ళు కూడా ఒప్పేసుకున్నారు."

"ఇన్సూరెన్సు వాళ్ళు ఒప్పుకున్నంత మాత్రాన అదే జబ్బైపోదు బాబాయిగారూ. రాయుంటే నొప్పి రావాలి. రాయి వేడినీళ్ళు అడగదు. మరిదిగారూ, ఎన్నాళ్ళనించి?"

ఫణి తల్లి వైపు చూశాడు. మళ్ళీ నేల వైపు చూశాడు.

"ఇంజనీరింగ్ సెకండియర్ నించి. రోజూ."

"సెకండియర్లో వాడికి ఫస్ట్‌క్లాసు వచ్చింది కదండీ!" అన్నారు కనకవల్లిగారు భర్తతో. ఇందులో ఏదో లెక్క తప్పిందన్నట్టు.

నీలవేణి గొంతు పెంచలేదు. ఏళ్ళతరబడి రోజూ తాగేవాళ్ళలో కొంతమందికి ఇలాగే అవుతుందని చెప్పింది. వికారం తగ్గిస్తుందనుకున్నదే వికారం తెస్తుంది. వేడినీళ్ళు కాసేపు ఊరట ఇస్తాయి గానీ, జబ్బుని ముయ్యడమే తప్ప తగ్గించవు. మానేస్తేనే పోతుంది, ఇంకో దారి లేదంది.

"ఒంట్లో నీళ్ళన్నీ పోయాయి. కిడ్నీలు దెబ్బతింటాయి, గుండె కొట్టుకోవడం తేడా వస్తుంది. ఒంటికెప్పుడు వెళ్ళేరు?"

"నిన్న... మధ్యాహ్నం అనుకుంటాను."

"సుచరితా, ఆ షవర్ కట్టెయ్. ఇప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్ళు. అక్కడి డాక్టరుగారికి ఈ మాట తనే చెప్పాలి. మీరెవరూ చెప్పకపోతే ఆయనకి కలొస్తుందా?"

సుచరిత కట్టేసింది.

సెలైన్లు ఎక్కించారు. కిడ్నీలు కొంచెం దెబ్బతిన్నా కోలుకున్నాయి. ఆపరేషన్ మానేశారు. గాల్‌బ్లాడర్ ఎక్కడిదక్కడ, దాని ఆవగింజతో సహా, క్షేమంగా ఇంటికొచ్చింది. నేనిక వీళ్ళకి బుద్ధొచ్చిందనుకున్నాను. గీజర్నే అయినా ఆశపడడం నాకూ తెలుసు.

వచ్చిన చుట్టాలతో కనకవల్లిగారు చెప్పిన మాట ఇది: "ఈ గీజరు నీళ్ళు పడలేదండీ వాడికి. లోపల తుప్పేదో ఉందట. ఒంట్లోకి ఎక్కేసింది."

అందరూ బాత్రూము గుమ్మందాకా వచ్చి నన్ను చూసి తలలాడించారు. నన్ను తీసేస్తారేమోనని ఎదురుచూశాను. తియ్యలేదు. చుట్టాలొస్తే వేడినీళ్ళు కావాలి కదా. ఆ తలలాడించిన చుట్టాలే మర్నాడు తెల్లారగట్ల నన్ను వేయించుకుని స్నానం చేశారు. ఇంట్లో మాత్రం గంజాయి అన్న మాటే వినపడలేదు. "అది" అనేవారు. "అది మానేశాడు." "దాని గురించి ఇప్పుడెందుకు?" సుచరిత ఒక్కర్తే ఆ మాట అనబోతే, "గోడలకి చెవులుంటాయి తల్లీ" అనేవారు జోగారావుగారు, నా వైపు చూసి.

వానాకాలం అంతా ఫణి బాగున్నాడు. దగ్గు తగ్గింది. అన్నం రెండోసారి అడిగి వేయించుకున్నాడు. చన్నీళ్ళు పోసుకుని కూనిరాగం తీసేవాడు, చాలా ఘోరంగా. తరవాత ఎవరిదో నిశ్చితార్థం, భీమిలి బీచి, పాత స్నేహితులు. ఒక్కసారే అనుకున్నది కొన్ని వారాలు సాగింది. మళ్ళీ ఎగ్జాస్ట్ ఫ్యాన్, మళ్ళీ సాంబ్రాణి. నేను చెప్పేదేముంది?

ఒక ఆదివారం పొద్దున్న బాత్రూములోకొచ్చి గడియ పెట్టాడు. బేసిన్ పట్టుకుని వంగాడు. పసుపుపచ్చటి నీళ్ళు. మళ్ళీ. చెమటలు. తలెత్తి నన్ను చూసి, బయటున్న నా స్విచ్ కోసం గడియ తీసి, తలుపు సందులోంచి చెయ్యి బయటపెట్టాడు. వేలు స్విచ్ మీద ఆనింది. నొక్కితే చాలు. కాసేపట్లో నేను కాగుతాను, వీపు మీద నీళ్ళు పడతాయి, వికారం దాక్కుంటుంది, ఎవరికీ ఏమీ తెలియదు. నా బతుకంతా ఇదే, ఎవరు నొక్కితే వాళ్ళకి వెలుగుతాను. వద్దనడానికి నాలో ఏ భాగమూ బిగించలేదు.

"ఏరా, మళ్ళీ స్నానమా?" అన్నారు హాల్లోంచి కనకవల్లిగారు.

చెమటగా ఉందమ్మా అనవచ్చు. ఆ మాట నోటిదాకా వచ్చిందని నాకు తెలుసు. చాలాసార్లు విన్నదే. ఫణి చెయ్యి స్విచ్ మీద అలాగే ఉండిపోయింది. తరవాత తీసేశాడు. తలుపు బార్లా తెరిచాడు.

"సుచీ, మళ్ళీ మొదలైంది. మళ్ళీ తాగుతున్నాను."

"ఏం తాగుతున్నావురా? ఆ గీజరు నీళ్ళు తాగుతున్నావా ఏంటి?" అన్నారు కనకవల్లిగారు, నిజంగానే కంగారుపడుతూ. చుట్టాలకి చెప్పీ చెప్పీ ఆవిడే నమ్మేశారు.

"గీజరు కాదమ్మా. గంజాయి."

"నెమ్మదిగా! కింద వినపడుతుంది!"

"వినపడనీ. గంజాయమ్మా. నాకు నేనుగా మానలేకపోతున్నాను."

హాల్లో టీవీ ఆగిపోయింది. సుచరిత ఏడవలేదు, తిట్టలేదు. అతని చెయ్యి పట్టుకుంది.

"చెప్పులేసుకోండి. ఆసుపత్రికి వెళ్దాం. అక్కడ మీరే మాట్లాడాలి" అంది. తరవాత అత్తగారి వైపు తిరిగి, "మేమిద్దరమే వెళ్తామండీ" అంది.

గుమ్మం తలుపు మూసుకుంది. లిఫ్టు కిందికి దిగిన చప్పుడు డక్టులోంచి వినపడింది. నా కడుపు నిండా చన్నీళ్ళే. వాటిని అలాగే పట్టుకుని, ఎవరికీ ఏ ఊరటా ఇవ్వకుండా, ఆ ఆదివారమంతా సుఖంగా వేలాడాను.