సిబిచ్చన్ పెద్ద చక్రాలు

రోసిలి చేసిన మూడంతస్తుల పెళ్లి కేకు కట్టప్పన ఊరి పొలిమేర దాటకముందే పగిలింది. కారు వెనక సీట్లో కూర్చుని రెండు చేతులా పట్టుకున్నా, పై అంతస్తు జారి క్రీమంతా అట్టపెట్టెకి అంటుకుంది.

"మెల్లగా, ఇచ్చాయా!" భర్తని ఎప్పుడూ పిలిచే పిలుపుతోనే కసిరింది రోసిలి.

"మెల్లగానే పోతున్నానే. రోడ్డలా ఏడిస్తే నేనేం చెయ్యను?" అన్నాడు ఆమె భర్త సిబిచ్చన్.

"క్రిస్మస్‌కీ ఇదే రోడ్డు. అప్పుడు ఒక్క కేకుకైనా గీత పడిందా? మారింది రోడ్డు కాదు, మీ చక్రాలు."

పోయిన వారమే అతను కారుకున్న పద్నాలుగు అంగుళాల చక్రాలు అమ్మేసి, మెరిసే పదిహేడు అంగుళాలవి వేయించాడు. చక్రం పెరిగిన కొద్దీ దాని చుట్టూ రబ్బరు తగ్గింది. ఇదివరకు గుంతలో పడితే అరచేతి వెడల్పున ఉన్న ఆ రబ్బరే నలిగి దెబ్బని మింగేసేది. ఇప్పుడు రెండు వేళ్ల మందమే మిగిలింది. గులకరాయి ఎక్కినా నడుముకి తెలుస్తోంది.

"ఈ మలుపు చూడు!" సిబిచ్చన్ మురిసిపోయాడు. "స్టీరింగ్ ఇలా అంటే చాలు, తిరిగిపోతుంది. పాత టైర్లతో పడవలా ఒరిగేది."

అది నిజమే. నిజం కావడమే రోసిలికి మరింత ఒళ్లుమంట.

"నేను అమ్మేది కేకులు, మలుపులు కాదు."

ఘాట్లో వెనక్కి మళ్లే మలుపు దగ్గర స్టీరింగ్ పూర్తిగా తిప్పేసరికి ముందు టైరు లోపలి రేకుకి రాసుకుని గర్రుమంది. అతను వినపడనట్టు రేడియో పెంచాడు. ఆ పక్కనే గుంత. దభీమని చప్పుడైంది. వెనక చక్రం అంచు వంగి, గాలంతా పోయింది.

స్టెప్నీ పాతదే, చిన్నది. అది బిగించాక కారు ఓ మూల కుంగి నిలబడింది. సిబిచ్చన్ చేతులు తుడుచుకుంటుండగా రోసిలి తాళం లాక్కుంది.

"వెనక్కెళ్లి కేకు పట్టుకోండి. నేను నడుపుతాను."

"నేనా?"

"మీరే."

మొదటి గుంతకే అతను కెవ్వుమన్నాడు. "ఏమే, చూసి నడపవే! నడుం విరిగింది!"

"రోడ్డలా ఏడిస్తే నేనేం చెయ్యను?"

పెళ్లి జరిగే ఏలప్పార చర్చి హాలుకి చేరేసరికి పై అంతస్తు తినడానికి తప్ప చూడ్డానికి పనికిరాదు. రోసిలి దాన్ని తీసేసి, మిగిలిన రెండింటి పగుళ్లు క్రీముతో పూడ్చింది.

పెళ్లికూతురి మేనత్త వచ్చి చూసింది. "మూడన్నావు కదమ్మా?"

"ఒకటి దారిలో దెబ్బతింది అక్కా. తప్పు మాదే."

ఆవిడ రోసిలిని ఎగాదిగా చూసింది. ఆ చూపు చాలు, ఈ ఏలప్పారలో ఇంకెవరూ తనకి కేకు ఆర్డరు ఇవ్వరని రోసిలికి అర్థమైంది.

తిరుగుదారిలో కూడా రోసిలే నడిపింది. పక్క సీట్లోంచి సిబిచ్చన్ మెల్లగా అన్నాడు.

"రేపే మార్పిస్తాను. పదహారు అంగుళాలవి సరిపోతాయా?"

రోసిలి స్టీరింగ్ బిగించి పట్టుకుంది. ఎదురుగా వస్తున్న గుంతని తప్పించలేదు.